పద్నాలుగేళ్ళ పిల్లకి పదహారేళ్ళ కాగితం

మా అమ్మాయిని దేశం జట్టులోంచి తీసేశామని చెప్పడానికి నన్ను అరకు నుంచి విశాఖపట్నం పిలిపించారు. ఫోన్లో చెప్పినా సరిపోయేది. తల్లి సంతకం కావాలన్నారు. జట్టులోకి తీసుకునేటప్పుడూ సంతకమే అడిగారు, కాకపోతే అప్పుడు కుర్చీ వేసి, టీ ఇచ్చి అడిగారు.

ఛీర్‌లీడింగ్ అంటే ఏమిటో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలుసన్న వాళ్ళకి తప్పుగా తెలుసు. మా తోటికోడలు, "క్రికెట్టులో సిక్సు కొడితే గంతులేత్తారు, ఆ పొట్టి గౌన్ల గుంటలేనా? ఓలమ్మా, దానికేటి, కప్పులు కూడా ఇత్తారా?" అని బుగ్గలు నొక్కుకుంది. నాకూ మొదట అదే అనుమానం. అమ్మాయి చదివే ఆశ్రమ పాఠశాలకు వెళ్ళి చూశాక పోయింది. ముగ్గురు పిల్లలు కింద నిలబడి, నాలుగో పిల్ల పాదాలను అరచేతుల్లో పెట్టుకుని తలల మీదికి లేపుతారు. ఆ పిల్ల పైన ఒంటికాలి మీద నిలబడి చేతులు చాస్తుంది. తర్వాత గాలిలోకి విసురుతారు. తిరుగుతూ దిగే పిల్లను నేల తాకకుండా పట్టుకుంటారు. ఇదంతా ఒకటి నుంచి ఎనిమిది వరకు లెక్కపెట్టుకుంటూ, పాట తప్పకుండా చెయ్యాలి.

మా అమ్మాయి కింద నిలబడే పిల్ల. చేతులు పొడుగు. భుజాల దగ్గర ఎప్పుడూ కమిలిన మచ్చలే. "నొప్పెయ్యదేటే?" అని అడిగితే, "పైనున్న గుంట మీంచి కన్ను తియ్యకూడదమ్మా. నొప్పి సూసుకోడానికి టైమేదీ?" అనేది.

ఆ పాఠశాలలో ఆటల టీచరమ్మ ఈ జట్టును తయారుచేశారు. పండగకి మా పిల్లలు వీపుల వెనక చేతులు కలుపుకుని థింసా ఆడుతుంటే చూసి, పదిమంది ఒక్కలా అడుగు వెయ్యడం వీళ్ళకి నేర్పక్కర్లేదు అనుకున్నారట. జిల్లా, రాష్ట్రం, ఆ పైన ఢిల్లీ. అక్కడి నుంచి మా అమ్మాయిని ఒక్కదాన్నే దేశం తరఫున ఆడే జూనియర్ జట్టుకు ఎంచుకున్నారు. వేరే దేశంలో పోటీ. ఎన్నో దేశాల జట్లు వస్తాయట. విశాఖపట్నంలో శిక్షణ మొదలైంది.

పాస్‌పోర్టు చేతికి వచ్చాక ఎవరో అందులో పుట్టిన తేదీ చూశారు. జూనియర్ జట్టులో పదిహేనేళ్ళు దాటినవాళ్ళు ఉండకూడదు. మా అమ్మాయికి కాగితం మీద పదహారు. నిజానికి దానికి పద్నాలుగు ఇంకా నిండలేదు.

ఆ రెండేళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు తెలుసు. నేనే తెచ్చాను.

మా అమ్మాయి ఇంట్లో పుట్టింది. ఆ రోజుల్లో మా కొండ మీద పుట్టిన పిల్లలకి కాగితం ఉండేది కాదు. పెద్ద గాలివాన వచ్చి కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లన్నీ విరిగిపడినప్పుడు అది నా చంకలో ఉంది. చెట్లు పోయాక రెండు మూడేళ్ళు సరిగా కూలి లేదు. బడిలో వేస్తే రోజూ గుడ్డు పెడతారు, చదువు కూడా వస్తుంది. కానీ ఆరేళ్ళు ఉండాలి. దానికి నాలుగు. వయసు తెలుసుకోవడానికి మేష్టారి దగ్గర ఒక పద్ధతి ఉండేది. పిల్ల కుడిచెయ్యి తల మీదుగా తెచ్చి ఎడమ చెవి పట్టుకోవాలి. చెవి అందితే ఆరేళ్ళు వచ్చినట్టు. మా దాని వేళ్ళు చెవి దాకా వచ్చి ఆగిపోయాయి. నేను వెనక నిలబడి, జుట్టు సర్దుతున్నట్టు మోచెయ్యి పట్టుకుని ఒక్క లాగు లాగాను. "అందింది" అని మేష్టారు రాసేశారు. పుట్టినరోజు కూడా ఆయనే వేశారు, జూన్‌లో ఒక తేదీ. ఆ వరసలో నిలబడ్డ పిల్లలందరికీ అదే తేదీ. మా ఊళ్ళో ఒక్క రోజున పద్నాలుగు మంది పుట్టినట్టు ఆ పుస్తకంలో ఇప్పటికీ ఉంది. అది ఏ అధికారికీ వింతగా అనిపించలేదు. ఆధార్ వాళ్ళు అదే ఎక్కించారు, పాస్‌పోర్టు వాళ్ళూ అదే ఎక్కించారు.

నా తప్పు నేను ఒప్పుకుంటాను. శిక్షణ చోట బల్ల వెనక కూర్చున్న ఆఫీసరుకి కూడా ఇదంతా దాచకుండా చెప్పాను. ఆయన నవ్వారు.

"మీవాళ్ళకి వయసులు తెలీవు కదమ్మా. రికార్డులో ఏది ఉంటే అదే."

"నాకు తెలుసు బాబూ. కన్నదాన్ని. ఒక్కసారి గుంటని సూడండి."

"చూసి చెప్పడానికి ఇదేమన్నా సంతా?"

"సంతలో మేకకైనా నోరు తెరిసి పళ్ళు సూసి వయసు సెప్తారు బాబూ. నా కూతురికి మీరు అదైనా సెయ్యలేదు."

పక్కనున్న కుర్రాడొకడు నవ్వు ఆపుకున్నాడు. ఆఫీసరుగారు కాగితం నా వైపు తోశారు. నేను నలభై దాటాక అంగన్‌వాడీలో మధ్యాహ్నం పూట కూర్చుని చదువు నేర్చుకున్నాను. అందుకని సంతకం పెట్టే ముందు కాగితం మొత్తం చదివాను. ఆయన రెండుసార్లు గడియారం చూసుకున్నారు. 'వయసు విషయంలో తప్పుడు సమాచారం ఇచ్చినందున' అని ఉంది. ఎవరు ఇచ్చారో లేదు. చదివినవాళ్ళు మా అమ్మాయే మోసం చేసిందనుకుంటారు. అప్పటికి నాలుగేళ్ళ పిల్ల! 'తల్లి, మేష్టారు' అని రాయమన్నాను. అలా రాయడం కుదరదన్నారు.

నేను సంతకం పెట్టలేదు. పెట్టకపోయినా తీసేశారు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. దాని స్థానంలో వచ్చిన పిల్లకి పట్టు ఇంకా కుదరలేదట. మా అమ్మాయిని మరో ఎనిమిది రోజులు అక్కడే ఉండి ఆ పిల్లకి నేర్పమన్నారు. ఆడటానికి పనికిరాని పిల్ల నేర్పడానికి పనికొచ్చింది. "బేగి సర్దుకో, ఇంటికెల్పోదాం" అన్నాను. మా అమ్మాయి కదల్లేదు.

"ఆ గుంటకి పట్టు రాకపోతే పైనున్నది పడిపోద్దమ్మా. మెడ ఇరుగుద్ది. నీ కోపానికి దాని మెడ ఏటి సేసింది?"

ఎనిమిది రోజులూ ఉండి నేర్పి వచ్చింది.

పోటీ జరిగిన రోజు మధ్యాహ్నం, సిగ్నల్ అందుతుందని ఊరి పైన వాటర్ ట్యాంకు దగ్గరికి వెళ్ళి ఫోన్లో చూశాం. దేశానికో రంగు బట్టలు, జుట్టుకి పెద్ద పెద్ద రిబ్బన్లు. జెండాలు పట్టుకుని జట్లన్నీ వరసగా వచ్చాయి. మన జెండా వచ్చినప్పుడు నేను తల తిప్పుకున్నాను. మా అమ్మాయి తిప్పుకోలేదు. మనవాళ్ళ ఆట మొదలయ్యాక నోట్లోనే లెక్కపెడుతూ కూర్చుంది. విసిరిన పిల్ల కాస్త పక్కకి వాలి దిగుతుంటే దీని రెండు చేతులూ వాటంతటవే లేచాయి. అక్కడ ఆ కొత్త పిల్ల ఒక అడుగు పక్కకి వేసి పట్టుకుంది. మనకి పతకం రాలేదు. "బాగానే పట్టింది" అని, ఫోను నా చేతిలో పెట్టి కొండ దిగిపోయింది.

నాలుగు నెలలకి మరో కాగితం వచ్చింది. ఈసారి పెద్దవాళ్ళ జట్టుకి ఎంపికలు. పదహారు నిండాలి. కాగితం ప్రకారం మా అమ్మాయికి నిండాయి కాబట్టి పిలిచారు! పదమూడేళ్ళ పిల్ల ఎదురుగా నిలబడినా వాళ్ళ కళ్ళకి కనబడలేదు; అప్పుడు అడ్డొచ్చిన పదహారే, ఇప్పుడు వాళ్ళకి అవసరమయ్యేసరికి అచ్చంగా సరిపోయింది. ఆ జట్టులో పైకి లేచేవాళ్ళు ఎదిగిన ఆడవాళ్ళు. ఒంటిచేత్తో లేపాలి. ఇంకా ఎత్తుకు విసరాలి. ఆటల టీచరమ్మనే అడిగాను, పద్నాలుగేళ్ళ ఎముకలు అంత బరువు ఆపుతాయా అని. ఆవిడ తల దించుకుని, "రిస్కేనమ్మా" అన్నారు. కాగితం అడుగున తల్లి ఒప్పుకోలు ఉంది. 'నా కుమార్తెకు పదహారు సంవత్సరాలు నిండినవని ధ్రువీకరిస్తున్నాను.'

"సంతకం ఎట్టీమ్మా" అంది అమ్మాయి.

"ఎట్టను."

"నువ్వేటీ కొత్తగా అబద్ధమాడక్కర్లేదు. ఆల్లే రాసుకున్నారు పదహారని."

"ఆల్లు రాసుకున్నది ఆల్లది. ఇది నా పేరు కింద ఉంది."

"సదువు రానప్పుడు నా సెయ్యి పట్టుకుని లాగినావు. ఇప్పుడు సదువొచ్చి నీ సెయ్యి ముడుసుకుంతన్నావా?"

రెండు రోజులు కాగితం బియ్యం డబ్బా మీద పెట్టి, వస్తూ పోతూ చూశాను. మూడో రోజు తల్లి ఒప్పుకోలు ఉన్న వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాను. దాని కింద, చోటు చాలక అంచుల్లోకి కూడా, నా చేత్తో రాశాను. నా కూతురికి పద్నాలుగేళ్ళు. బడిలో రాసిన వయసు తప్పు, ఆ తప్పులో నాకూ పాలుంది. ఈ పిల్లని తన వయసు పిల్లల జట్టులో ఆడనివ్వండి. సంతకం పెట్టాను.

టీచరమ్మ చదివి, "ఇలా పంపితే రెండు జట్లకీ కాకుండా పోతుందేమోనమ్మా" అన్నారు.

"పంపండి మేడమ్. కాదంటే ఎందుకు కాదో కాయితం మీద రాసిమ్మనండి."

పంపారు. ఇది రాసే వేళకి జవాబు రాలేదు. వయసు దిద్దమని పాడేరు జిల్లా ఆఫీసులో నేను పెట్టుకున్న అర్జీకీ రాలేదు. మా అమ్మాయి సెలవులకి వచ్చి పది రోజులైంది. అన్నం పెడితే తింటుంది, పిలిస్తే మాత్రం పలకదు. నేను పిలవడం మానలేదు.