బాలయ్య కొట్టాల్సిన చాబి

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు కల్వకుర్తి దిక్కు నుంచి అమ్రాబాదు అడవి అంచు దాకా పోయే చిన్న లైనును మళ్లీ వేయించే పని నాకు అప్పగించారు. నేను పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టరును, అంటే పట్టాల బాగోగులు చూసేవాణ్ణి. అడవి కలప మోయడానికి ఎప్పుడో వేసిన నారోగేజి అది. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే. రజాకార్లు బండెక్కి ఊళ్ల మీదికి రాకుండా జనమే చివరి మైలు పట్టాలు పీకేశారు.

పట్టాలు పొదల్లో దొరికాయి. చాబిలే దొరకలేదు. చాబి అంటే పట్టాను దాని కింద అడ్డంగా ఉండే స్లీపరు దిమ్మకు బిగించే బెత్తెడు ఇనుప చీల. రోజూ లైను వెంట నడుస్తూ వదులైన చాబిని సుత్తితో బిగించేవాడు కీమ్యాన్. ఆ పాత కొలత చాబిలు కొత్తగా ఎక్కడా దొరకవు. అవన్నీ కీమ్యాన్ బాలయ్య గుడిసెలో ఉన్నాయని తెలిసి వెళ్లాను. పట్టాలు విప్పింది బాలయ్యేనట. తర్వాత దళంతో అడవిలోకి పోయి మళ్లీ రాలేదు. గుడిసెలో అతని భార్య సాయమ్మ ఒక్కతే ఉంది.

గోనెసంచుల నిండా చాబిలు. అన్నిటికీ నూనె రాసి ఉంది, ఒక్కదానికీ తుప్పు లేదు.

“నేనొచ్చి నేనే కొడ్త, గంతదాంక ఎవ్వనికియ్యకు అన్నడు సారూ. ఎట్లియ్యాలె?”

“సర్కారు సామానమ్మా ఇది!” అని అరిచాను. నాకు నోరెక్కువ.

“సర్కారుదే. నూనె రాసింది నేను గద.”

మూడు రోజులు ఆ గుమ్మం చుట్టూ తిరిగాను. నాలుగో రోజు ఆమే సంచులు బయట పెట్టింది.

“పట్టాలు లేకుంటే గాయిన దేని ఎంబడి నడిచి ఇంటికొస్తడు? తీస్కపోండ్రి. గని మా గుడిసె ముంగట ఒక్కటి ఆయనకు ఇడిసిపెట్టుండ్రి.”

ఒక్క చాబి లేనంతమాత్రాన చిన్న బండి పడిపోదు, కానీ రూలు ఒప్పదు. రూలంటే నాకు ప్రాణం. అయినా ఆ ఒక్క చోటు ఖాళీగా వదిలి, దాని చాబి ఆమెకే ఇచ్చాను. అక్కడ బండి మెల్లగా పోవాలని బోర్డు పెట్టించాను. కొత్త కీమ్యాన్ రోజూ రిపోర్టు తెచ్చేవాడు: ‘సాయమ్మ గుడిసె ముందు ఒక చాబి లేదు.’ నేను సంతకం పెట్టేవాణ్ణి. పై అధికారి అడిగితే కొలత కుదరలేదని బొంకాను.

బండి నడిచింది. ప్రతి బండికీ సాయమ్మ గుడిసె ముందు నిలబడేది. జైలు నుంచి విడుదలై వచ్చిన ప్రతివాణ్ణీ “మా ఇంటాయన ఏడన్న కనవడ్డడా?” అని అడిగేది. తనిఖీకి పోయినప్పుడల్లా నేనూ ఆ ఖాళీ చోటు చూసి, హమ్మయ్య, ఇంకా ఉంది అనుకునేవాణ్ణి. లోపం కనబడితే సంతోషించిన ఇన్‌స్పెక్టరును నేనొక్కణ్ణేనేమో!

మూడో ఏడు ఎండాకాలం, ఒక పొద్దున తోపుడు ట్రాలీ మీద అటు పోయాను. సాయమ్మ పట్టా పక్కన కూర్చుని ఉంది. చేతిలో బాలయ్య సుత్తి. ఖాళీ చోట చాబి ఉంది. బండి పోయే దిక్కుకే కొట్టింది, అచ్చం కీమ్యాన్ కొట్టినట్టే.

“ఏమన్నా కబురొచ్చిందామ్మా?”

“ఏ కబురూ లేదు సారూ. వచ్చేటోళ్లందరు వచ్చిన్రు. జర చూడుండ్రి, గట్టిగ కూసున్నదా?”

సుత్తి తీసుకుని తట్టి చూశాను. గట్టిగానే ఉంది. తలూపి సుత్తి ఆమె చేతికి తిరిగిచ్చాను.

లైను తిరిగి వేయడమంటే పట్టాలు పరచడమేనని అంతదాకా అనుకున్నాను. ఆ సాయంత్రం కీమ్యాన్ రిపోర్టు తెచ్చాడు: ‘లోపాలు లేవు.’ నా సర్వీసు మొత్తంలో మనసొప్పకుండా సంతకం పెట్టింది దాని మీదే.