పెద్దమ్మ చేతిలో గులాబీ

మా ఎదురింటి పెద్దమ్మ పోయిందని మొన్న పొద్దున నంద్యాల నుంచి వాళ్ల కూతురు ఫోన్ చేసింది. నిద్రలోనే పోయిందట, ఏ బాధా పడలేదట. ఆ మాటకు కాస్త ఊపిరి పీల్చుకున్నాను. గులాబీ ఏమైందని అడగాలని నోటిదాకా వచ్చింది, అడగలేకపోయాను.

ఆ చెట్టు ఇక్కడ ఆళ్లగడ్డలో వాళ్ల వాకిట్లో ఉండేది. నాటు గులాబీ, పువ్వు చిన్నదే, వాసన మాత్రం వీధంతా. పెళ్లయిన కొత్తలో పెద్దనాయన నాటాడట. ఆయన పోయాక, ఈస్టర్ తెల్లవారుజామున అందరూ సమాధుల దగ్గరికి బజారు దండలు తెస్తే, పెద్దమ్మ ఆ చెట్టు పువ్వే పెట్టేది. "ఏరే పూలు ఆయప్పకు కొత్త" అనేది.

రోడ్డు వెడల్పులో ఇల్లు పోతుందని తేలాక నంద్యాలలో కూతురి వీధిలోనే ఇల్లు చూసుకుంది. సామాన్ల గురించి దిగుల్లేదు, దిగులంతా చెట్టు గురించే. ముసలి చెట్టు, తవ్వితే బతకదు. పెన్సిల్ లావు కొమ్మలు ఏటవాలుగా కోసి, పైకొనలకు పేడ అద్ది, మట్టి నింపిన పాల కవర్లలో గుచ్చింది. ఓపిక తప్ప అన్నీ ఉన్నాయామెకు. వేరు పట్టిందో లేదోనని పొద్దున్నే ఒక్కో కొమ్మనూ పీకి చూసి మళ్లీ గుచ్చేది. అన్నీ ఎండిపోయాయి.

ఈసారి గుచ్చిన కవర్లు తెచ్చి మా పెరట్లో పెట్టింది.

"నా చెయ్యి ఊరుకోదు మ్మే. నేనొచ్చి బతిమాలినా ముట్టనియ్యాకు" అంది.

అన్నట్టే వచ్చి బతిమాలేది. నేను తలుపుకు అడ్డం నిలబడితే గొణుక్కుంటూ పోయేది. చివరికి ఒక్క కొమ్మ బతికింది. కండక్టర్ కింద పెట్టమన్నా వినకుండా దాన్ని ఒళ్లో పెట్టుకునే నంద్యాల చేరింది.

మొదట్లో ఫోన్‌లో దాని ఆకుల కబుర్లే చెప్పేది. పూసిందా అంటే, "యాడ పూస్తాండాది, నన్ను ఏడిపిస్తాండాది" అనేది. ఈ మధ్య ఆ ఊసే ఎత్తడం మానేసింది. మళ్లీ పీకి చూసుంటుంది, చెప్పలేక దాస్తోంది అనుకుని నేనూ అడగలేదు.

పెద్దనాయన పక్కనే ఉంచాలని ఆమెను ఆళ్లగడ్డకే తీసుకొచ్చారు. సమాధుల దగ్గర పెట్టె మూత తీశారు. చేతుల మధ్య కాడతో సహా చిన్న గులాబీ. చూడకముందే వాసన తెలిసింది. కూతురు నా పక్కకొచ్చి నిలబడింది.

"పూస్తాండాదని నీకు చెప్పొద్దనిందక్కా. ఈస్టర్‌కు తానే తెచ్చి చూపిస్తాననింది."

ఏడుస్తూనే నవ్వాను. ఇన్నాళ్లూ గుండెల మీదున్న బరువు దిగిపోయింది. చెట్టు బతికింది, పెద్దమ్మ దాని పువ్వు చూసే పోయింది.

మూత వేసేముందు కూతురు ఆ పువ్వును మెల్లగా తీసి పెద్దనాయన సమాధి మీద పెట్టింది. నాటు గులాబీ కదా, పట్టుకుంటే చాలు రాలుతుంది. ఊరుకోని ఆ వేళ్ల మధ్య ఒక రేకు ఉండిపోయింది.