చెయ్యెత్తితే ఆగే మనిషి

సముద్రం ఒడ్డున పుట్టినవాళ్ళందరికీ ఈత వస్తుందనేది సముద్రం చూడనివాళ్ళ భ్రమ. మన ఉత్తర కోస్తాలో కెరటం మోకాలు దాటితే మనిషి వెనక్కి నడుస్తాడు. వలలవాళ్ళు తప్ప దానితో చనువుగా ఉండేవాళ్ళు తక్కువ. ఈత నేర్చేది చెరువులున్న ఊళ్ళలో. ఛత్తీస్‌గఢ్‌లో ఏ ఊరికైనా రెండుమూడు చెరువులుంటాయి. అక్కడి ఆడవాళ్ళు బట్టలు ఉతకడానికి దిగి, మధ్యలో అవతలి గట్టుదాకా ఈది వస్తారు. అటువంటి చోట భీమిలి మనిషి నూకరాజు, నలభై రెండో ఏట, సొరకాయ బుర్ర వీపుకు కట్టుకుని నీళ్ళలో దిగితే భిలాయి ఖుర్సీపార్ బస్తీలోని తెలుగువాళ్ళు నవ్వక ఏం చేస్తారు?

అతనికి మాత్రం అది నవ్వులాట కాదు. నూకరాజు భిలాయి ఉక్కు కార్ఖానాలో క్రేను నడిపేవాడు. పది టన్నుల ఇనుమును దించి, కింద పెట్టిన అగ్గిపెట్టెకు తాకించి, పెట్టె నలక్కుండా ఆపేవాడు. పైనున్న క్రేను గది అతని లోకం. కానీ గదికి చేరాలంటే నలభై ఆరు మెట్ల ఇనప నిచ్చెన ఎక్కాలి. 1964 వానాకాలంలో కార్ఖానా డాక్టరు దక్షిణామూర్తి పట్టుకున్నది ఆ నిచ్చెన సంగతే.

"మధ్యలో రెండుసార్లు ఆగుతున్నావటగా?"

"నిచ్చెన పాతదండి."

"నిచ్చెనకి ఆరేళ్ళు. నీకు నలభై రెండు. తొంభై ఏడు కిలోలున్నావు. మూడు నెలల్లో ఎనభై ఐదుకి రా. రాకపోతే నేల మీద పని రాస్తాను. పరుగులు పెట్టకు, మోకాళ్ళు పోతాయి. రోజూ మెల్లగా ఈదు, చాలు."

మెల్లగా ఈదడమట! రానిదాన్ని మెల్లగా ఎలా చేస్తారో ఆయన చెప్పలేదు.

నేర్పడానికి బలరాం వచ్చాడు. విజయనగరం వైపు చెరువుల్లో పెరిగినవాడు. క్రేను కింద నిలబడి చేతి సైగలతో బరువును నడిపించే ఖలాసీ కూడా అతనే. ఆరేళ్ళుగా అతని చెయ్యి లేస్తే నూకరాజు ఎత్తడం, వాలితే దించడం. చెరువు గట్టున కూడా అదే పద్ధతి పెట్టుకున్నారు. పొద్దుటి షిఫ్టు ముగిశాక నాలుగింటికి బలరాం గట్టు మీద, నూకరాజు నీళ్ళలో. బాగానే ఉండేది. చిక్కు మరోచోట వచ్చింది.

క్రేనువాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. కదలమని ఒక్క ఖలాసీయే చెప్పాలి. ఆగమని మాత్రం ఎవరు చెయ్యెత్తినా ఆగాలి, పెద్ద ఇంజనీరైనా, నేల ఊడ్చేవాడైనా. ఎందుకని అడక్కూడదు. క్రేను పని నేర్పడానికి వచ్చిన, హిందీ నాలుగు ముక్కలు మాత్రమే తెలిసిన ఒక రష్యావాడు ఆ నాలుగు ముక్కలూ ఖర్చుపెట్టి ఈ సంగతే నూకరాజు ఎముకల్లోకి ఎక్కించాడు. పన్నెండో రోజున చెరువు నడిమికి వచ్చేసరికి, గట్టు మీద ఒక ముసలమ్మ గేదెను అదిలిస్తూ చెయ్యెత్తింది. నూకరాజు ఆగిపోయాడు. ఆగితే క్రేను గాలిలో ఉంటుంది. మనిషి నీళ్ళ పైన నిలవడు. బుర్ర ఒక పక్కకు, తల ఒక పక్కకు.

బలరాం జుట్టు పట్టి లాక్కొచ్చాడు. "ఏటి బావా, మజ్జిలో ఆగిపోనావు?"

"సెయ్యెత్తింది కదరా!"

"అది గేదెకోసం! ఆ ముసిల్ది నీకు ఫోర్‌మేనేటి?"

గట్టంతా నవ్వింది. గేదె ఒక్కటే నవ్వలేదు.

ఒకసారి కాదు, నెలలో అయిదుసార్లు మునిగాడు. ఎవరో తువ్వాలు ఝాడిస్తే ఒకసారి, ఎవరో ఎవరికో నమస్తే పెడితే ఒకసారి. చెవుల్లో నీళ్ళు, ముక్కులో పాచి. పైగా ఈత నుంచి వచ్చినవాడికి వేసే ఆకలి మామూలు ఆకలి కాదు. నెలాఖరుకు తూకం ఎక్కితే తొంభై ఎనిమిది.

"ఎల్లినప్పుడు గ్లాసుడు టీ, వచ్చినాక కుండెడు అన్నం," అంది భార్య పైడమ్మ. "ఒల్లెలా తగ్గుద్ది? చెరువులో నీల్లు తగ్గతాయి గానీ."

"నువ్వు వొండకే!"

"వొండకపోతే గిన్నెలు నాకుతావు."

కంచం తోసేసి లేచాడు. ఆ రోజు నుంచి పూటకు రెండు రొట్టెలు. కోపాన్నే కూరగా వేసుకుని తింటున్నాడని పైడమ్మ ఇరుగుపొరుగుకు చెప్పేది.

బలరాం కూడా విసిగి మందు కనిపెట్టాడు. "బావా, నీల్లలో ఎవుడు సెయ్యెత్తినా సూడకు. నీకోసం కాదని మనసులో అనుకో. నా సెయ్యి కూడా వొద్దు. ఈదుకుపో."

నూకరాజు అనుకున్నాడు. బారకోసారి అనుకున్నాడు. నాకోసం కాదు, నాకోసం కాదు. బుర్ర విప్పేశాడు. అవతలి గట్టు ముట్టుకుని వచ్చాడు. తొంభై నాలుగు, తొంభై, ఎనభై ఏడు. నిచ్చెన ఏకబిగిన ఎక్కాడు. జీవితంలో ఒక్కటైనా దారికొచ్చిందనుకున్నాడు.

పదో వారంలో, ఉక్కు పోసే ఖాళీ అచ్చులు మోసుకుపోతూండగా, కిందనున్న వెల్డరు చెయ్యెత్తాడు. అతని కరెంటు తీగ, బరువు వెళ్ళే దారికి అడ్డంగా ఉంది. నూకరాజు చూశాడు. చూసి, నాకోసం కాదనుకున్నాడు. రెప్పపాటు. అంతలో బరువు బారెడు దూరం ముందుకు పోయి తీగను రాసుకుంది. వెల్డరు పక్కకు దూకి నాలుగు తిట్లు తిట్టి పనిలో పడ్డాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

దిగాక బలరాం మెల్లగా అడిగాడు. "సూడ్నేదా బావా?"

"సూసేనురా. అదే కదా!"

ఆ సాయంత్రం చెరువుకు వెళ్ళలేదు. మర్నాడూ వెళ్ళలేదు. పరీక్షకు మిగిలిన రెండు వారాలూ బరువును నత్తలా నడిపాడు. చుట్టుపక్కల ఎక్కడ చెయ్యి కదిలినా, ఆగాడో లేదో రెండుసార్లు చూసుకునేవాడు.

పరీక్ష రోజున తూకం ఎనభై ఆరున్నర.

"భేష్! ఇంకో నెల ఈదితే అయిపోతుంది," అన్నాడు దక్షిణామూర్తి కలం తీస్తూ. "నెల గడువు రాయనా?"

నూకరాజు క్రేను పిడి పట్టే తన కుడిచేతిని చూసుకున్నాడు. "వద్దండి. నేల మీద రాసెయ్యండి."

"ఇంతదాకా వచ్చి ఇదేం బద్ధకమయ్యా? కిలోన్నర కోసం!"

ఈత నేర్చి ఆగడం మరిచానని చెబితే నవ్వుతాడు, లేకపోతే పుస్తకంలో రాస్తాడు. కాగితం పుచ్చుకుని బయటికొచ్చాడు. ఇన్ని నీళ్ళు తాగి, ఇంత ఆకలి ఓర్చి, మెట్టెక్కే ఊపిరి సంపాదించుకున్నాక ఎక్కడానికి మెట్లు లేవు.

రోడ్డుకు అవతల సైకిలు పట్టుకుని నిలబడ్డ బలరాం అతన్ని చూసి, ఇక్కడున్నానని చెయ్యెత్తాడు.

నూకరాజు నడిరోడ్డు మీద ఉన్నవాడు ఉన్నట్టు ఆగిపోయాడు. వెనక లారీ హారన్ మోగించింది. డ్రైవరు తల బయటపెట్టి తిట్టాడు. నూకరాజు కదల్లేదు. ఎత్తిన ఆ చేతిని చూస్తూ, "ఇప్పుడా ఆగేది?" అని తనమీద తనే పళ్ళు కొరుకుతూ నిలబడ్డాడు, బలరాం చెయ్యి దించేదాకా.