మా వాడు రాయని ఉత్తరం

నా కొడుకు రాయని ఉత్తరాన్ని నా ఎదుటే, వాడి పేరుతో, బడి వరండాలో మైకు పెట్టి చదివారు. ఇది నిరుడు జరిగింది. నా కోపం ఇంకా చల్లారలేదు. చల్లారకముందే రాయాలని కూర్చున్నాను.

మాది తమిళనాడులో ఆండిపట్టి దగ్గర ఒక పల్లె. మా పెద్దలు ఏ రాజు కాలంలోనో ఇటు వచ్చి ఉండిపోయారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. నేను అరవ బడిలో మూడో తరగతి దాకా చదివి పశువుల వెంట పోయినవాణ్ణి. ఈ తెలుగు అక్షరాలు తల నెరిశాక, తిరుపతిలో కొన్న పిల్లల వాచకం ముందు పెట్టుకుని నాకు నేనే దిద్దుకున్నవి. ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళు మా మాట విని నవ్వుతారు. నవ్వనీ. వాళ్ళు మరిచిపోయిన మాటలు మా ఆడవాళ్ళ నోట ఇంకా ఆడుతున్నాయి.

నా కొడుకు పటాలంలో లెఫ్టినెంటు. కార్గిల్ కొండల్లో యుద్ధం వచ్చినప్పుడు అక్కడ ఉన్నాడు. అక్కడే పోయాడు.

వాడికి తెలుగు అక్షరాలు రావు. ఇంటికి అరవంలో రాస్తే వాళ్ళమ్మ ఒప్పుకునేది కాదు. "ఎవరో బయటోళ్ళకి రాసినట్టు రాస్తాడేమి?" అనేది. అందుకని అరవ అక్షరాలతో ఇంటి తెలుగు రాసేవాడు. మా వాళ్ళందరమూ అంతే. పెళ్ళి కబురైనా చావు కబురైనా అట్లాగే రాసుకుంటాం. ఉత్తరం వస్తే నేను చదివేవాణ్ణి, ఆమె వినేది. టీవీలో ఆ కొండలు చూపిస్తే లేచి వెళ్ళిపోయేది. వాడి ఉత్తరంలో ఏముంటే ఆమెకి యుద్ధం అంతే.

యుద్ధం మొదలయ్యాక మొదటి ఉత్తరం చాలా ఆలస్యంగా వచ్చింది. ఎందుకో రెండోదాంట్లో రాశాడు.

"నాయనా, ఇప్పుడు కడుదాసులన్నీ విప్పి చూసినాకే పంపిస్తారు. నాది చూసి మా పెద్దాఫీసరు గాబరా పడినాడు. ఇదేమి భాష అన్నాడు. అరవం తెలిసిన హవల్దారుని పిలిస్తే వాడు గడగడా చదివినాడు గానీ ఒక్క ముక్కా అర్థం కాలా. ఆంధ్రావోడు ఒకడుండాడు. వానికి ఈ అక్షరం తెలీదు, వింటే తెలుస్తాది. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టినారు. ఒకడు చదివేదానికి, ఇంకొకడు చెప్పేదానికి. ఎనుము ఈనిందా, అమ్మ పన్ను నొప్పి తగ్గిందా అని వస్తే పెద్దాఫీసరు తల పట్టుకున్నాడు. ఇప్పుడు టెంటులో అందరూ అమ్మ పన్ను ఎట్లుండాదని అడుగుతుండారు."

ఆమె కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "పటాలమంతా నా పంటి గురించే మాట్లాడుకుంటుండారా! సిగ్గులేనోడు!" అంది. వెంటనే, "చలికి ఉలవల రసం తాగమని రాయి" అంది. ఆ మంచుకొండ మీద ఉలవలు ఎవరిస్తారు? అయినా రాశాను.

నిరుడు బడిలో వాడి పేరున ఒక రాయి నిలపాలని సంఘం పెట్టారు. సంఘం పెద్ద పెరియకుళంలో ఉండే రిటైరైన బ్యాంకు అధికారి, అరవం మనిషి. మంచివాడే. రాయి మీద పేరు కింద వాడి ఉత్తరం ఒకటి చెక్కిస్తామని మా ఇంటికి వచ్చి, అన్నిటికీ జెరాక్సు తీయించుకున్నాడు. నేను సంతోషపడ్డాను. చదివి చెప్పనా అని అడిగాను. "వేండాం అయ్యా, మా అక్షరమే కదా, నేనే చదువుకుంటాను" అన్నాడు.

రాయి వచ్చింది. నిలువెత్తు నల్లరాయి, నున్నగా సానబట్టినది. బడి వరండాలో పడుకోబెట్టారు. చెక్కే ముందు అందరికీ వినిపిస్తామని బడిపిల్లల్ని, ఊరివాళ్ళని, మమ్మల్ని పిలిచారు. ఆయన మైకు పట్టుకుని చదివాడు. అంతా సభల్లో మాట్లాడే అరవం. తాయినాడు అనే మాతృభూమి, రక్తం, శిఖరం, జెండా, అన్నీ ఉన్నాయి. నా కొడుకు మాత్రం లేడు.

ముందు వరసలో నా పక్కన కూర్చున్న నా భార్య మోచేత్తో పొడిచింది.

"ఏమయ్యా, ఇది ఎవరు రాసింది?"

"మన వాడేనంట."

"వాడా? నన్ను 'పెట్రెడుత్త తాయే' అని, కని పెంచిన తల్లీ అని, నాటకంలో రాజు మాదిరి పిలిచినాడా ఎప్పుడైనా? 'ఏమే అమ్మా' అంటాడు గాని!"

ఆమెకి మెల్లగా మాట్లాడటం రాదు. వెనక వరసల దాకా వినబడింది. మా వీధి పిల్లలు కిసుక్కుమన్నారు.

నేను లేచి, మా వాడి ఉత్తరాలు చదవలేదా అని ఆయన్నే అడిగాను. ఆయన తొణకలేదు. "చదివాను అయ్యా. అక్షరం తెలుస్తోంది, అర్థం తెలియడం లేదు. యుద్ధంలో ఉన్న ఆఫీసరు మనసులో ఏముంటుందో ఊహించి రాశాను. గొప్పగానే వచ్చింది కదా!" అన్నాడు.

గొప్పగా వచ్చిందట! గుళ్ళు పడే చోట పటాలం వాళ్ళు ఒక్క ఉత్తరం కోసం ఇద్దర్ని కూర్చోబెట్టారు. నా ఇంట్లో కూర్చుని కాఫీ తాగినవాడికి నన్నొక మాట అడగాలని తోచలేదు. మా మాటలోనూ మనుషులు నవ్వుతారని, ఏడుస్తారని ఈ చదువుకున్నవాళ్ళకి ఎప్పుడు తెలుస్తుంది? రాయి మీద చెక్కాక అదే నిజమైపోతుంది. మేమిద్దరం పోయాక, నా కొడుకు అట్లా మాట్లాడేవాడనే మిగులుతుంది. నన్ను పట్టుకున్న భయం అదే.

మా ఇల్లు బడికి ఎదురే. పోయి ఆఖరి ఉత్తరం తెచ్చి, మైకు లేకుండా చదివాను.

"నాయనా, నా కింద పనిచేసే పిల్లోడొకడు పోయినాడు. వాళ్ళ నాయనకి నేనే రాయాల. వీరుడు, దేశానికి బిడ్డ అని అందరూ రాసేదే రాసి పంపించేసినాను. పంపించినాక మనసు ఒప్పలా. వాడు దినమూ నా తడి బూట్లలో పాత పేపర్లు కుక్కి ఆరబెట్టేవాడు. నేను సరిగ్గా విప్పి పెట్టకుంటే తిట్టేవాడు, ఆఫీసరని చూసేవాడు కాదు. అది రాసుండాల. ఆ పెద్దాయనకి కావాల్సింది అది గదా. కొండ దిగినాక ఆయనకి ఇంకొకటి రాస్తాను."

కొండ దిగినాక అన్నచోట ఆగిపోయాను. తక్కిన ముక్క నా భార్య కూర్చున్నచోటి నుంచే చెప్పింది. ఆమెకి చదువు రాదు. వాడి ఉత్తరాలన్నీ నోటికి వచ్చు.

వాడు కొండ దిగలేదు. రెండో ఉత్తరం రాయలేదు. ఆ తండ్రి ఏ ఊళ్ళో ఉన్నాడో, తన కొడుకు ఆఫీసరునే తిట్టేవాడని ఆయనకి ఈనాటికీ తెలియదు.

మా వీధి పిల్లలు అప్పటికే తలలు దించుకున్నారు. తక్కినవాళ్ళకి నేను అరవంలో చెప్పాను. సంఘం పెద్ద కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మనసు కరిగిపోయింది అయ్యా. అయినా రాతి మీద బూట్లు, పాత పేపర్లు ఎట్లా చెక్కేది? కలెక్టరు వస్తారు. కొంచెం అబ్బాయి రాసింది, కొంచెం నేను రాసింది కలుపుదాం" అన్నాడు.

"కలిపేదానికి ఇదేమన్నా సాంబారా?" అన్నాను.

నా భార్య లేచి నిలబడింది. "సామీ, పేరు చెక్కుకోండి. అది మేము పెట్టిందే. వాడు చెప్పని మాట మాత్రం వొద్దు."

ఆ తర్వాత ఎంతమంది వచ్చి నచ్చజెప్పారో! ఇంత రాయి తెప్పించాం, బోసిగా ఉంటుంది, సర్దుకోమన్నారు. బూట్లు చెక్కితే చెక్కండి, లేకపోతే ఏమీ వద్దన్నాను. వాళ్ళూ దిగిరాలేదు, నేనూ దిగలేదు.

రాయి నిలిపారు. పైన పేరు, హోదా, ఊరు. వాటి కింద అడుగు దాకా నల్లటి నునుపు, ఒక్క అక్షరం లేదు. చూసినవాళ్ళు పని సగంలో ఆగిపోయిందా అంటారు. మొన్న కోయంబత్తూరు ఆర్.ఎస్. పురం నుంచి వచ్చిన మా బంధువు, ఖాళీగా ఎందుకు మామా, ఖర్చు నాది, ఒక మంచి వాక్యం చెక్కిస్తానన్నాడు.

"బూట్ల సంగతి చెక్కిస్తావా?" అని అడిగాను.

బస్సుకు వేళైందని లేచాడు. రాయి అట్లాగే ఉంది.