రూత్ మేడమ్ ఇచ్చిన ఒక్క రోజు

ఈరోజు మామూలుకంటే గంట ముందే అన్నం వండాను. గంజి వారుస్తుంటే ఆవిరి ముఖానికి కొట్టి రూత్ మేడమ్ గుర్తొచ్చారు. ఆవిడ పోయి మూడేళ్లు. సికింద్రాబాద్‌లో నేను మొదట చేరిన ప్రయోగశాలకు ఆవిడే పెద్ద. ఎముకలో బిగించే టైటానియం స్క్రూ ఎముకతో త్వరగా అతుక్కోవాలన్నది ఆవిడ తపన. మూలకణాలు తాము పెరిగే ద్రవంలోకి ఎక్సోసోమ్‌లనే అతి చిన్న సంచులను వదులుతాయి. వాటిని వేరుచేసి స్క్రూకు పూస్తే ఏమైనా మేలు జరుగుతుందా అని అప్పట్లో చూస్తుండేవాళ్లం. “బలమంత గంజిలనే ఉంటది. మనం మెతుకులు చూసుకుంట గంజి పారబోస్తం,” అన్నారు నేను చేరిన రోజే, కణాలు పెరిగిన ఆ ద్రవాన్ని చూపిస్తూ.

నాకు తలకెక్కితేగా! రెండో నెలలోనే, చదువుకున్నప్పటి అలవాటు కొద్దీ, కణాలను భద్రంగా ఉంచి, వారం పాటు పోగుచేసిన ద్రవాన్ని సింకులో పోశాను. పోశాక గానీ చేసిన తప్పు తెలియలేదు. ఉద్యోగం పోతుందన్న భయంతో సీసాలో ఇంకా వాడని కొత్త ద్రవం నింపి, తేదీ రాసిన చీటీ అంటించాను. దాంతో పూత వేసిన స్క్రూలనే కుందేళ్ల కాళ్లలో బిగించాలి.

మధ్యాహ్నం మేడమ్ ఆ సీసాను కిటికీ వెలుగుకు పట్టి చూశారు. “రేపు చేద్దాంలే. ఇయ్యాల తిరుమలగిరిల పనుంది,” అన్నారు. కానీ సాయంత్రం దాకా కుర్చీలోంచి కదల్లేదు. నేను బతికిపోయాననుకున్నాను. ఇంటికెళ్లాక మాత్రం ముద్ద దిగలేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్లేసరికి ఆవిడ అప్పటికే వచ్చి ఉన్నారు.

“మేడమ్, ఆ సీసాలో ఉన్నది అసలుది కాదు. అసలుది నేనే పారబోసిన.”

“కూసో బిడ్డా. వాడిన ద్రవం పసుపు తిరుగుతది. నీ సీసా గులాబీ రంగుల నిగనిగలాడుతుండె. నిన్ననే చూసిన.”

“మరి అడగలేదేం మేడమ్?”

“నేనడిగితే నువ్వు దొరికిపోయినట్లయితుండె. నువ్వే చెప్తవేమోనని ఒక్క రోజు ఆగిన.”

“చెప్పకపోయుంటే?”

“పని ఆపి నేనే అడుగుతుంటి. నీ భయానికి కుందేళ్లెందుకు తక్లీఫ్ పడాలె?”

సిగ్గుతో ఏడ్చేశాను. ఆవిడ మంచినీళ్లిచ్చి, కొత్త సీసా చేతిలో పెట్టారు. వారం పని మళ్లీ షురూ. ఆ స్క్రూల సంగతి ఇప్పటికీ పూర్తిగా తేలలేదు, ఇంకా చూస్తూనే ఉన్నాం. ఆవిడ మీద గౌరవం మాత్రం ఆ పొద్దునే నా ఎముకల్లో దిగింది.

నిన్న నా విద్యార్థిని ఒకమ్మాయి ఇచ్చిన సీసా మరీ గులాబీగా ఉంది. “రేపు చేద్దాంలే,” అన్నాను. అందుకే ఈ తొందర వంట. ఆ అమ్మాయి వచ్చేసరికి నేను ప్రయోగశాలలో ఉండాలి.