చాచా కోసిన పడుగు

శుక్రవారం పొద్దున చాచా పోయాడు. బోయిగూడలో మా ఎదురింటి మగ్గం ఆయనది. ఆయన చేసిన పని మా గల్లీ దాటితే ఎవరికీ తెలియదు. అది నాకు కోపం. అందుకే రాస్తున్నాను. నాకు బడి చదువు లేదు, నూలు కట్టలకు చుట్టి వచ్చే కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్నదాన్ని. తప్పులుంటే ఉండనివ్వండి.

చాచా తన మగ్గం దగ్గరికి కత్తెరతో ఎవరినీ రానిచ్చేవాడు కాదు. "మగ్గం మీదున్న పడుగుకు పానం ఉంటది బిడ్డా. నేసుడు అయినంకనే కొయ్యాలె" అనేవాడు. ఒకసారి నా చేతిలో కత్తెర చూసి, "ఏందే, నా మగ్గానికి క్షవరం చేస్తవా?" అని గల్లీ చివరిదాకా తరిమాడు.

పోలీసు చర్య అయిన మరుసటేడు గల్లీలో నూలు లేదు. పది ఇళ్లలో మగ్గాలు ఆగిపోయాయి. చాచా మగ్గం మీద మాత్రం తెల్ల పడుగు ఉంది. తన కఫన్ తానే నేసుకోవాలని దాచుకున్న నూలు అది. "సచ్చినంక సుత మిల్లు బట్ట కప్పుకోవాల్నా? థూ!" అని నవ్వేవాడు.

అప్పుడే కొత్త సర్కారు చేనేతకు నూలిస్తుందని చాటింపు వేశారు. ఎగిరి గంతేశాం! తర్వాత షరతు తెలిసింది. నడుస్తున్న మగ్గానికే నూలు. నూలు లేక ఆగిన మగ్గానికి, ఆగింది కాబట్టి నూలు లేదట! ఆ రూలు రాసినవాడు జన్మలో మగ్గం గుంటలో కాలు పెట్టి ఉండడు. మగ్గాలు చూసి రాసుకోవడానికి వచ్చే ఇన్‌స్పెక్టర్ ముఖం మీదే ఈ మాట అంటానని లేచాను.

"అను. మంచిగనే ఉంటది. నూలొస్తదా మరి?" అన్నాడు చాచా. ఇంట్లోకి పోయి కత్తెర తెచ్చాడు.

"చాచా, అది నీ కఫన్!"

"ముందు బతికేటోళ్లకు బట్ట కావాలె. నేనేమన్న రేపే పోతున్ననా? వంకర పోకుండ పట్టుకో."

పడుగును ఇంటికొకటి చొప్పున పది ముక్కలు చేశాడు. దారాలు తెగుతుంటే కళ్లు మూసుకున్నది నేను, ఆయన కాదు. రెండు రోజులు ఇంటింటి మగ్గం మీదా మిగిలున్న పాత పడుగు కొసలకు ఆ దారాలను ఒక్కొక్కటే ముడేశాం. ఆయనకు ఏమీ మిగల్లేదు.

ఇన్‌స్పెక్టర్ వచ్చే పూట గల్లీ మొత్తం ఒక్కసారిగా మోగింది! టకాటక్, టకాటక్! ఎన్ని నెలలకు విన్నామో! మా అమ్మ ఏడుస్తూనే నవ్వింది. చాచా గడపగడపకూ తిరిగి, "జెర మెల్లగ నెయ్యిండ్రి. సాబ్ పోయేదాక పడుగు ఉండాలె!" అని గొణిగాడు.

నా వల్ల కాలేదు. చేతులు ఆగితేగా! ఇన్‌స్పెక్టర్ మా గడపకు వచ్చేసరికి నా మగ్గం మీద జానెడు పడుగే మిగిలింది. మనిషి కదలడే! నిలబడి చూస్తున్నాడు. జానెడు బెత్తెడైంది.

"సాబ్! నా మగ్గం సూడకుంటనే పోతరా?" ఎదురింటి నుంచి చాచా అరుపు.

ఇన్‌స్పెక్టర్ అటు తిరిగాడు. ఖాళీ మగ్గం చూసి, "ఇదెందుకు నడుస్తలేదు?" అన్నాడు.

"నూలుంటె నడుస్తది సాబ్. నడుస్తెనే నూలిస్తరు గద మీరు!"

నేను అనాలనుకున్న మాట అదే! ఇన్‌స్పెక్టర్ పది మగ్గాలు నడుస్తున్నాయని, ఒకటి బంద్ అని రాసుకుని పోయాడు. ఆ సాయంత్రం అందరం కలిసి చాచాను భుజాల మీద ఎత్తుకున్నాం.

నూలొచ్చింది. పది ఇళ్లవాళ్లం తలా ఒక చిలప నూలు తెచ్చి ఆయన గడపలో పెట్టాం. ఆయన తువ్వాళ్లు నేశాడు, చీరలు నేశాడు. కఫన్ సంగతి గుర్తు చేస్తే, "ఆర్డర్లున్నయ్ బిడ్డా, సచ్చేంత తీరిక యాడిది?" అనేవాడు.

శుక్రవారం ఆయన కొడుకు గుడ్డ కొనడానికి బజారుకు బయల్దేరితే దారికి అడ్డం నిలబడ్డాను. మా మగ్గం మీద తెల్లబట్ట సగం నేసి ఉంది. చాచా కత్తెరే తీసుకుని కోశాను. కఫన్‌కు మూడు గుడ్డలు కావాలన్నారు. పక్కింటివాళ్లు వాళ్ల మగ్గం మీదిది కోశారు, ఆ పక్కవాళ్లూ కోశారు. ఎవరూ కళ్లు మూసుకోలేదు.

ఇది రాస్తుంటే నా మగ్గం ఎదురుగానే ఉంది. తెగిన కొసలు తెల్లగా వేలాడుతున్నాయి, గల్లీలోంచి గాలి వచ్చినప్పుడల్లా కదులుతున్నాయి. ఇంకా ముడెయ్యలేదు.