తాళంలో పడిన దగ్గు

నా చిన్నప్పుడు గుంటూరుకీ ఒంగోలుకీ మధ్య ఉన్న గిటారు ఒక్కటే, అది మా బాబాయిది. ఇంకోటి ఉండేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చీరాలలో ఎవరి దగ్గరో పాతది కొని, వీపుకు తగిలించుకుని బస్సు దిగిన రోజున, అది కొత్త రకం మందు కొట్టే పంపు అనుకుందట ఊరంతా. మా నాయనమ్మ అయితే ఏడాది పాటు అలాగే అనుకుంది. "ఒరేయ్, పత్తికి పురుగు పడిందిరా, ఆ పంపు ఇంట్లో దాచుకుని ఏం చేస్తావు?" అని రోజూ పొద్దున్నే కేకలేసేది.

మా బాబాయికి మూడెకరాల మిరప, రెండెకరాల పత్తి, భుజాల దాకా జుట్టు, ఒక గొంతు ఉండేవి. ఆ గొంతు గురించి కాస్త చెప్పాలి. కంకర రోడ్డు మీద ఖాళీ ట్రాలీ వెళ్తున్నట్టు ఉండేది. ఆయన పాట ఎత్తుకుంటే రెండు ఫర్లాంగుల అవతల గేదెలు మేత మానేసి తలెత్తేవి. మూడు ఫర్లాంగులని మా పక్కింటి అక్క అంటుంది గానీ, నేను ఉన్నదున్నట్టు చెప్పే మనిషిని, రెండే.

ఆయన బృందంలో ఇంకా ఇద్దరు. డ్రమ్ములు వాయించేది పరుపుల మామ. బజారులో పరుపులు కుట్టే సాయిబుగారు, చుట్టరికం లేకపోయినా మా ఇంటిల్లిపాదికీ మామే. దూది ఏకే విల్లు చప్పుడుకు నిద్రపోయి, ఆ చప్పుడుకే నిద్ర లేచి పెరిగినవాడు కావటాన ఆయన తాళం తప్పగా చూసినవాళ్లు లేరు. ఓ పెళ్లిలో గాలికి షామియానా కూలి ఆయన మీద పడితే, జనం గుడ్డ పైకెత్తేదాకా కింద నుంచి దరువు వినిపిస్తూనే ఉంది. ఆ సంగతి ఆయన తను కుట్టే ప్రతి పరుపుతోపాటు ఉచితంగా చెప్పేవాడు. మూడో ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారు, కీబోర్డు వాయించేవాడు.

ముగ్గురూ పెళ్లిళ్లలో, తిరునాళ్లలో సినిమా పాటలు పాడేవాళ్లు. మా బాబాయికి మాత్రం సొంత పాటలు పాడాలని. ఆయన పాటల్లో పత్తికాయలో దూరిన పురుగు ఉండేది, చివరి పొలాలదాకా రాని కాలవ నీళ్లుండేవి, తెల్లారేసరికి ట్రాక్టరెక్కి మిరపకోతకు పోయే ఆడవాళ్లుండేవాళ్లు. తిరునాళ్ల కమిటీ పెద్దలు అవి రెండు విని, "పురుగుల్ని ఇంటి దగ్గర చూస్తూనే ఉన్నాం గదయ్యా, మైకులో కూడా ఎందుకు?" అన్నారు.

అయితే ఆయన కొత్త పాటను పరీక్ష చేసేది తిరునాళ్లలో కాదు, కళ్లంలో. ఎండిన మిరపకాయల రాశి చుట్టూ ఆడవాళ్లు కూర్చుని, ఎర్రకాయల్లోంచి తెల్లగా పాలిపోయిన తాలుకాయల్ని ఏరుతుంటారు. బాబాయి పందిరి కింద కూర్చుని పాడేవాడు. వాళ్ల ముఖాల వంక చూసేవాడు కాదు, ముఖాలు మర్యాదకు నవ్వుతాయనేవాడు. చేతుల వంకే చూసేవాడు. చేతులు పాటతోపాటు కదిలితే పాట నిలిచినట్టు. మా పక్కింటి అక్క ఆ కళ్లానికి హైకోర్టు. "అన్నా, రెండో చరణం దగ్గర మంచికాయ తీసి తాలులో పారేశాను. చరణం మార్చు, లేకపోతే నువ్వే కూర్చుని ఏరు" అనేది. మార్చేవాడు.

అలా పదకొండుసార్లు మారి నిలిచిన పాట ఒకటుంది.

కాయ కోసిన చేత్తో కన్ను తుడవకే అమ్మీ,
కన్ను ఊరుకున్నా కాయ ఊరుకోదే అమ్మీ.

ఈ పాటకు వంత పాడేవాళ్లం నేనూ పక్కింటి అక్కా. నాకప్పుడు తొమ్మిదేళ్లు. నా గొంతు లేకపోతే ఆ పాట లేదని ఊరంతా అనుకునేవాళ్లు. ఊరంతా అంటే నేనూ మా నాయనమ్మా.

ఆ ఏడు బాబాయి ఇంట్లో ఒక మాటన్నాడు. ఈ పాటలు క్యాసెట్టుకు ఎక్కితే సరి, ఎక్కకపోతే గిటారు అమ్మేసి బుద్ధిగా మిరప చేసుకుంటానని. అన్నం తినడం మానేస్తానని చెప్పినట్టు చెప్పాడు. బెజవాడ నుంచి ఒక రికార్డింగ్ ఆయన్ని ఎలాగో ఒప్పించాడు. ఆయన పొద్దున బస్సుకు మిషనుతో దిగి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోతాడు. ఆ ఒక్క రోజే. నాలుగింటికి మా ఊళ్లో కరెంటు పోయేది. మాస్టారి గడియారం తప్పినా అది తప్పేది కాదు.

దిగగానే ఆయన అడిగింది ఒక్కటే, "గది మోగకూడదండి. గోడలు చప్పుడు మింగెయ్యాలి."

మా బాబాయికి వెంటనే వెలిగింది. మా కొట్టుగదిలో ఆ ఏటి పంటంతా టిక్కీలు కట్టి కప్పుదాకా పేర్చి ఉంది. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి తొక్కి నింపిన గోతం. రికార్డింగ్ ఆయన లోపలికొచ్చి చప్పట్లు కొట్టాడు. చప్పట్లు అక్కడికక్కడే చచ్చిపోయాయి. "మద్రాసులో కూడా ఇలాంటి గది లేదండి" అన్నాడు. మేం పొంగిపోయాం. పుట్టి పెరిగింది మిరపకాయల్లో అయినా, ముగ్గురు పెద్దవాళ్లలో ఒక్కరికీ జరగబోయేది తట్టలేదు. రోజూ కళ్ల ముందుండేదాన్ని చూడటం అంత కష్టం మరి.

పరుపుల మామ మొదటి దరువు వేశాడు. ఆ అదురుకు టిక్కీలన్నీ ఒక్కసారి ఒళ్లు విదిలించుకున్నాయి. ఎర్రటి దుమ్ము దేవుడి గదిలో సాంబ్రాణిలా మెల్లగా దిగింది. ముందు మాస్టారు తుమ్మారు. తర్వాత ఎవరు తుమ్మారో, ఎవరు దగ్గారో, ఎవరు ఏడ్చారో చెప్పలేను. రికార్డింగ్ ఆయన బావి దగ్గర తల ముంచి కూర్చున్నాడు. బావిలో నీళ్లు ఒక మెట్టు దిగాయని మా నాయనమ్మ చెప్పింది.

"మా కొట్టుకు పోదాం పదండి, దూది దగ్గు రానివ్వదు" అన్నాడు పరుపుల మామ. ఆ మాట పొద్దున్నే ఎందుకనలేదని అడిగితే, "పొద్దున నన్నెవరు అడిగారు?" అన్నాడు. ఆయన కొట్టులో గోడలకు పరుపులు నిలబెట్టారు, తలుపుకు రెండు బొంతలు కట్టారు. అక్కడ మనిషి ఊపిరి కూడా మెత్తగా వినిపించేది. మూడు పాటలు చకచకా అయిపోయాయి. చివరికి మిగిలింది మిరపకాయ పాట.

మొదటిసారి మాస్టారు ఒక మీట బదులు ఇంకోటి నొక్కారు. రెండోసారి బజారులో లారీ హారను కొట్టింది. మూడోసారి పాట మొదటి నుంచి చివరిదాకా నీళ్లలా జారిపోయింది. అయినా రికార్డింగ్ ఆయన, "ఇంకొక్కటి తీసుకుందామండి, భద్రంగా ఉంటుంది" అన్నాడు. నాలుగుకు ఐదు నిమిషాలుంది.

ఆ నాలుగోసారి బాబాయి ఎలా పాడాడో చెప్పడం నా వల్ల కాదు, ఇంత పెద్ద మాటలు చెప్పే నా వల్ల కూడా కాదు. చివరి చరణానికి ముందు అన్నీ ఆగిపోయి ఒక్క దెబ్బ పట్టేంత నిశ్శబ్దం ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో పొద్దుటి దుమ్ము నా గొంతులో లేచి నిలబడింది. పళ్లు బిగించాను, కాలి వేళ్లు బిగించాను. ఆగలేదు. ఒకే ఒక్క దగ్గు, పరుపుల గదిలో టపాకాయలా పేలింది.

వాళ్లు ఆగలేదు, పాట పూర్తి చేశారు. ఆఖరి దెబ్బ పడింది, ఫ్యాను ఆగింది. కరెంటు పోయింది.

నా చేతులకింకా మిరప ఘాటు ఉందన్న సంగతి మర్చిపోయి కళ్లు నలుపుకున్నాను. ఆ పాటలో వద్దన్న పనే చేశాను. మంటకు ఏడ్చానో, బాబాయి గిటారు అమ్మేస్తాడని ఏడ్చానో నాకే తెలియదు. అక్క చెంబుతో నీళ్లు తెస్తే, బాబాయి నన్ను గడప మీద కూర్చోబెట్టి తువ్వాలు కొసతో కళ్లు కడిగాడు. "ఏడవకే. కళ్లు తెరువు. తెరువు, నీళ్లు పోస్తాను" అన్నాడు.

"మూడోది ఉంది గదా బాబాయ్?" అన్నాను వెక్కుతూ.

పరుపుల మామ గొంతు సవరించుకున్నాడు. "మూడోసారి నా తాళం తప్పింది తల్లీ. అది పనికిరాదు" అన్నాడు.

రికార్డింగ్ ఆయన నోరు తెరిచాడు. "అదేంటండీ, మూడో..." అనేలోపు మామ ఎదురుగా ఉన్న పొట్లంలోంచి మిరపకాయ బజ్జీ తీసి ఆ నోట్లో పెట్టాడు. "తినండి, మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు మీరు." పొద్దుటి దెబ్బ ఇంకా తగ్గని మనిషి, బజ్జీ మింగేసరికి ఏమనబోయాడో మర్చిపోయాడు.

బాబాయి ఆ నాలుగోదాని క్యాసెట్టును మా బ్యాటరీల టేప్ రికార్డరులో వేసి మూడుసార్లు విన్నాడు. దగ్గు దగ్గరికి వచ్చినప్పుడల్లా నేను తలుపు వెనక్కి పోయేదాన్ని. మూడోసారి విన్నాక, "దగ్గు సరిగ్గా దెబ్బ మీద పడిందండీ. పెద్ద పెద్ద డ్రమ్మర్లకు కుదరదు. అయినా మిరపకాయ పాటలో ఒక్కరన్నా దగ్గకపోతే అది మిరపకాయ పాటెలా అవుతుంది? ఇదే కాపీలు తీయడానికి పంపండి" అన్నాడు.

రికార్డింగ్ ఆయన తల పట్టుకుని బస్సెక్కాడు.

క్యాసెట్టు వచ్చాక ముందు కళ్లంలోనే పెట్టారు. చేతులు కదులుతున్నాయి. దగ్గు వచ్చింది. చేతులన్నీ ఒక్కసారి ఆగాయి. బాబాయి ముఖం తెల్లబోయింది. మరుక్షణం ఆడవాళ్లు విరగబడి నవ్వారు, అక్క అయితే మిరపరాశి మీదికి ఒరిగిపోయింది. "మళ్లీ పెట్టన్నా, మళ్లీ పెట్టు!" ఆ పూట తాలుకాయలు ఎవరూ సరిగ్గా ఏరలేదు.

ఆ తర్వాత దాన్ని ఎవరూ దాని పేరుతో పిలవలేదు, దగ్గు పాట అనేవాళ్లు. ట్రాక్టర్లలో, టీ కొట్లలో, మిరప యార్డు దారిలో ఎక్కడ విన్నా నా దగ్గే. బృందాన్ని సినిమా పాటలు అడగడం మానేశారు, మేం ఆ పాట పాడితే దగ్గు చోటికి జనం కూడా దగ్గేవాళ్లు. మార్టూరులో రాళ్లు పాలిష్ పట్టే కుర్రాళ్లు ఆ చోట దగ్గితే అది తెల్ల దుమ్ము దగ్గని బాబాయి పోల్చుకుని, వాళ్ల మీద ఇంకో పాట కట్టాడు. వేటపాలెంలో జీడిపప్పు ఒలిచే ఆడవాళ్లు దగ్గారు. కొత్తపట్నంలో, మిరపచేను ముఖమెరగని, చేపలు పట్టే పల్లెకారులు సముద్రం వెనక్కి తగ్గేట్టు దగ్గారు. పదో తరగతిదాకా నేను బృందంతో తిరిగాను. వేదిక మీద నా పని వంత పాడటం, దగ్గడం. దగ్గడం కోసం ఇంతింత దూరాలు వెళ్లిన ఆడపిల్ల ఆంధ్రదేశంలో ఇంకొకతె లేదు.

తర్వాత సీడీలొచ్చాయి, సెల్‌ఫోన్లొచ్చాయి, పెళ్లిళ్లకు డీజేలొచ్చారు. ఫోము పరుపులూ వచ్చాయి. మాస్టారికి బదిలీ అయింది, మామకు మోకాళ్లు పట్టేశాయి. ఎవరూ ఎవరితో పోట్లాడలేదు, పిలిచేవాళ్లు తగ్గారు, అంతే. బాబాయి గిటారు అమ్మలేదు. కళ్లంలో పాడుకునేవాడు, చేతుల వంక చూసుకునేవాడు.

మామ కొట్టు ఎత్తేసిన రోజు సామాను సర్దడానికి నేను వెళ్లాను. అప్పటికి డిగ్రీ చదువుతున్నాను. సూదులూ దారాలూ ఉండే చెక్కపెట్టె అడుగున ఒక క్యాసెట్టు దొరికింది. దాని మీద బాబాయి చేతిరాత, 'మూడోది'.

అక్కడే పాత టేప్ రికార్డరులో పెట్టాను. దూది గదిలో తీసిన అదే పాట. బాబాయి గొంతు, అక్క గొంతు, నా గొంతు. చివరి చరణం ముందు శుభ్రమైన నిశ్శబ్దం. ఇక డ్రమ్ము. మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు విన్నాను, వేలితో లెక్కపెట్టుకుంటూ. ఎక్కడా వెంట్రుకవాసి తప్పలేదు.

పదేళ్లు ఆ మనిషిని అందరూ ఏడిపించారు. షామియానా కథ మొదలుపెట్టబోతే చాలు, "అన్నీ చెప్తావు గానీ మామా, క్యాసెట్టు రోజున తప్పింది గదా" అనేవాళ్లు. నేను కూడా అన్నాను. ఆయన నవ్వి ఊరుకునేవాడు. కొన్నాళ్లకు ఆ కథ చెప్పడమే మానేశాడు.

క్యాసెట్టు పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాను. ఆయన కళ్లజోడు సవరించుకుని చూశాడు. "మీ బాబాయిని పారెయ్యమన్నాను, ఆయన పారెయ్యలేదన్నమాట" అన్నాడు. ఆ పెట్టె ఎవరిదో తెలియనట్టు.

బాబాయినడిగాను. చేలో గట్టు మీద కూర్చుని ఉన్నాడు. "మూడోది చాలా బాగుందే" అన్నాడు. "దాన్నే పంపించి ఉంటే నీ గొంతు ఆ రోజుతో సరి. మళ్లీ మైకు ముందుకు వచ్చేదానివా?" లేచి తువ్వాలు దులుపుకుని, "గిటారు పోతే పోతుందనుకున్నాను. దగ్గు పాట ఇంతవుతుందని మాకేం తెలుసు?" అన్నాడు.

ఇప్పుడు నేనొక బడిలో పంతులమ్మను. మొన్న వార్షికోత్సవానికి ఒక నాలుగో తరగతి పిల్ల మైకు ముందు పాడుతూ చరణం మర్చిపోయి ఆగిపోయింది. ముందు వరుసలో పెద్దలు, వెనక తల్లిదండ్రులు, పిల్ల కళ్లలో నీళ్లు. నేను రెండో మైకు దగ్గర నిలబడి గట్టిగా దగ్గాను. మీటింగంతా నా వంక తిరిగింది. "క్షమించండి, నా దగ్గు వల్ల పాప పాట ఆగిపోయింది. అమ్మా, మొదటి నుంచి పాడు" అన్నాను.

హెడ్మాస్టరుగారు ఇప్పటికీ నన్ను చూస్తే మిరియాల కషాయం తాగమంటారు. తాగుతున్నానండీ అంటాను.